మూడో ఎల్‌ఎల్‌ఆర్

మా ఇంటి బీరువాలో, చీరల అరకు కింద ఉండే సొరుగులో, ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఇంటి పన్ను రసీదులు, గ్యాసు పుస్తకం, మా అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా, ఇలాంటివన్నీ అందులోనే దాస్తాను. నిరుడు వేసవిలో ఏదో రసీదు కోసం ఆ కవరును మంచం మీద గుమ్మరించినప్పుడు మూడు కాగితాలు విడిగా జారిపడ్డాయి. వాటిలో రెండు నా పేరు మీద తీసుకున్న ఎల్‌ఎల్‌ఆర్‌లు, అంటే బండి నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే తాత్కాలిక లైసెన్సులు. ఒకటి 2016 నాటిది, రెండోది 2019 అక్టోబరు నాటిది. ఎల్‌ఎల్‌ఆర్ చేతికి వచ్చిన నెల రోజుల తరవాత ఎప్పుడైనా వెళ్ళి, బండి నడిపి చూపించి, లైసెన్సు తెచ్చుకోవచ్చు; ఆరు నెలలు దాటితే ఆ కాగితానికి విలువ ఉండదు. మొదటిది ఆ ఆరు నెలలూ సొరుగులోనే గడిపి చెల్లిపోయింది. రెండోదాని గడువు 2020 ఏప్రిల్‌లో ముగియవలసింది గాని, కరోనా కారణంగా కేంద్ర ప్రభుత్వం వాహన పత్రాల గడువును విడతలు విడతలుగా 2021 అక్టోబరు 31 దాకా పొడిగించింది. ప్రభుత్వం అంతగా ఓపిక పట్టినా నేను మాత్రం కదలలేదు. మూడో కాగితం సంగతి తరవాత చెబుతాను.

నేను రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు బోధిస్తాను. ఇప్పుడు నాకు నలభై ఏడేళ్ళు. ఇంటికీ కళాశాలకూ మధ్య నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ దూరాన్ని ఏళ్ళ తరబడి ఆటోలోనో, మావారి బండి వెనకాలో కూర్చుని దాటుతూ వచ్చాను. 2016లో నా కోసమే ఒక స్కూటీ కొన్నాం. పసుపు కుంకాలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వసారాలో నిలబెట్టాం. ఆ తరవాత బ్యాటరీ దిగిపోకుండా ప్రతి ఆదివారం మావారు దాన్ని స్టార్టు చేసి పది నిమిషాలు అలాగే ఉంచేవారు. ఇంట్లో జరిగే నిత్యకృత్యాలలో అదీ ఒకటిగా కలిసిపోయింది గాని, ఆ బండి ఎందుకు కదలడం లేదని ఎవరూ గట్టిగా అడగలేదు.

ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నేను “నాకు భయంగా ఉంది” అని ఎవరితోనూ అనలేదు. నాలో నేను కూడా ఆ మాట అనుకోలేదు. మొదట ఎండలు ముదిరాయన్నాను. ఎండలు తగ్గాక వానలన్నాను. వానలు వెలిశాక అమ్మాయి చదువన్నాను. ఆ తరవాత మా అత్తగారి ఆరోగ్యం, ఇంటికి సున్నాలు, జవాబు పత్రాల మూల్యాంకనం. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. అబద్ధం చెబితే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాం. నిజమైన కారణాన్ని అడ్డు పెట్టుకుంటే మనకు మనం కూడా దొరకం. పైగా ఇలాంటి వాయిదాలకు కావలసిన సామెతలన్నీ మన పెద్దలు సిద్ధం చేసి పెట్టారు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు. నిదానమే ప్రధానం అన్నారు. ఈ సామెతలు తప్పని నేను అనను. అయితే వాటిని నేను వివేకంతో వాడిన సందర్భాల కంటే పిరికితనంతో వాడిన సందర్భాలే ఎక్కువని లెక్క తేలింది.

తరగతి గదిలో నా పరిస్థితి మరీ విచిత్రం. ఆటంకాలు వస్తాయేమోనని జంకి పనిని అసలు మొదలే పెట్టనివారు అధములు, మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవారు మధ్యములు, ఎన్ని విఘ్నాలు ఎదురైనా విడవనివారు ధీరులు అని చెప్పే పద్యాన్ని ఏటేటా ఎంతో ఆవేశంగా చెబుతూ వచ్చాను. పద్యం గొప్పదే; కాని మొదలుపెట్టనివారిని అంత తేలికగా నీచులలో జమకట్టడం న్యాయమేనా అన్న అనుమానం నాకు ఈమధ్యనే కలిగింది. నా విద్యార్థినులలో ఒకమ్మాయి చక్కని వ్యాసాలు రాస్తుంది. పోటీకి పంపమంటే ప్రతిసారీ “ఇంకా సరిగా రాలేదు మేడమ్, కాస్త దిద్దాలి” అంటుంది. ఆ దిద్దుబాటు ఎన్నటికీ ముగియదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్లను అధమురాలని ఏ నోటితో అంటాను?

నా భయాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి చూసుకుంటే అందులో బండి వాటా తక్కువ, జనం వాటా ఎక్కువ అని తేలింది. మోకాలు చీరుకుపోతే పది రోజులలో మానుతుంది. కాని దేవీచౌక్‌లో, పట్టపగలు, నా దగ్గర చదువుకున్నవాళ్ళు నలుగురూ చూస్తుండగా, తెలుగు మేడమ్ చీర కుచ్చెళ్ళతో సహా బోర్లా పడిందన్న వార్త ఎన్నాళ్ళకు మానుతుంది? రాత్రిపూట కళ్ళు మూసుకుంటే నాకు కనబడిన దృశ్యంలో దెబ్బ లేదు, నెత్తురు లేదు; నవ్వే ముఖాలు మాత్రమే ఉండేవి.

నలుగురు అన్న మాటకు మన భాషలో ఇంత బరువు ఊరికే రాలేదు. పాడె మోయడానికి కావలసింది నలుగురు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, కులంలో వెలివేస్తారన్న భయంతో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్ళు తానే మోసుకొచ్చి పెళ్ళివంట వండారు. అంతకు ముందు అండగా ఉంటామన్న స్నేహితులలో కొందరు ఆ రోజుకు వెనక్కి తగ్గారు. వారిని పిరికివాళ్ళని తేల్చెయ్యడానికి నాకు మనసొప్పదు. వెలి అంటే ఆనాడు ఇంటికి పురోహితుడు రాకపోవడం, పిల్లకు సంబంధం కుదరకపోవడం, ఇంట్లో శవం లేస్తే మోసే భుజం దొరకకపోవడం. అంటే ఆ భయానికి ఒక ఖరీదు ఉండేది, ఆ ఖరీదు ఏమిటో అందరికీ తెలుసు. నేను బండి మీది నుంచి పడితే పాడె మోసేవాళ్ళు ఎవరూ తగ్గరు. ఖరీదు పోయినా భయం మాత్రం అదే కొలతలో వారసత్వంగా నా దాకా వచ్చింది. (కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు ప్రాణం మీదికి వచ్చే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఆ భయం గురించి నేను మాట్లాడటం లేదు. దాన్ని మనోధైర్యంతో అధిగమించమని సలహా ఇచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.)

వాయిదాలో ఒక సుఖం ఉంది, దాని గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 2017లో ఒక శ్రావణ మాసపు ఉదయం, అయిదున్నరకే లేచి, పాత చుడీదారు వేసుకుని, తాళంచెవి చేతిలో పట్టుకుని వసారాలోకి వచ్చాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ చప్పుడు పక్కింటి వదినకు వినబడుతుందేమో అనిపించింది. సరిగ్గా అప్పుడే రెండు చినుకులు పడ్డాయి. “వాన” అన్నాను పైకే, ఎవరూ అడగకపోయినా. తాళంచెవి మేకుకు తగిలించిన క్షణంలో మెడ దగ్గర బిగిసిన నరాలు సడలి, చేతులు చల్లబడి, ఒంటి మీది నుంచి ఏదో మూట దించినంత హాయిగా అనిపించింది. ఆ తరవాత తాగిన కాఫీ అంత రుచిగా ఎప్పుడూ లేదు. చినుకులు పది నిమిషాలలో ఆగిపోయాయి గాని నేను మళ్ళీ బయటికి రాలేదు. పని చేస్తే వచ్చే ఫలం ఎప్పుడో నెలల తరవాత వస్తుంది; వాయిదా వేస్తే కూలి అప్పటికప్పుడే చేతిలో పడుతుంది. ఆ కూలికి అలవాటు పడ్డ మనిషి ఏ పనికి కదులుతుంది? మరుసటి రోజు అదే తాళంచెవి కిందటి రోజు కంటే బరువుగా అనిపించింది.

నిరుడు డిగ్రీ మూడో ఏడు ముగించుకుని విశాఖపట్నం నుంచి సెలవులకు వచ్చిన మా అమ్మాయి, మంచం మీద పరచుకున్న ఆ ఎల్‌ఎల్‌ఆర్‌లను చూసి నవ్వలేదు. మనస్తత్వశాస్త్రం చదువుతోంది కాబట్టి నవ్వకూడదని ఎక్కడో నేర్చుకుని ఉంటుంది. “అమ్మా, నువ్వు బండి నేర్చుకోవద్దు. రోజూ పావుగంట దాని మీద కూర్చో, చాలు” అంది. తాళం కూడా ఇవ్వనంది. నేను వింతగా చూస్తే ఒక సంగతి చెప్పింది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే పసివాడి భయం ఎలా పోగొట్టిందో ప్రచురించింది. వాడికి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తింటూ ఉండగా, బోనులో ఉన్న కుందేలును దూరాన ఉంచేవారట. వాడు బెదరనంత మేరకే దాన్ని కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చేవారు. చివరికి కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా వాడు ఊరుకునేదాకా వచ్చాడు. వాడికి ఎవరూ ధైర్యం నూరిపోయలేదు, భయపడకూడదని చెప్పనూ లేదు. నలభై ఆరేళ్ళ వయసులో మూడేళ్ళు కూడా నిండని ఆ పసివాడితో నాకు చుట్టరికం కలిసినట్టయింది.

అలా మొదటి వారం వసారాలోనే గడిచింది. నా తిండి పళ్ళెం స్థానంలో కాఫీ గ్లాసు ఉండేది. తరవాత సెంటర్ స్టాండు వేయడం, తీయడం. ఈ ఒక్క విద్యకు మూడు రోజులు పట్టింది. చేతులతో బండిని పైకి లాగాలని చూసినంత సేపూ అది అంగుళం కదలలేదు. స్టాండు మీద కుడికాలు పెట్టి ఒంటి బరువంతా దాని మీద మోపితే బండి తనంతట తానే వెనక్కి ఎక్కి కూర్చుంది. ఆ మధ్యాహ్నం నేను ఏడుసార్లు స్టాండు వేసి ఏడుసార్లు తీశాను. పక్కింటి వదిన గోడ మీదుగా చూసి “ఏమైనా పోయిందా వదినా, బండి కింద వెతుకుతున్నావు?” అని అడిగింది. ఆ తరవాత ఇంజను ఆపి సందు చివరి దాకా తోసుకుంటూ నడవడం. ఆపైన సీటు మీద కూర్చుని రెండు కాళ్ళతో నేలను నెట్టుకుంటూ పోవడం. ఈలోగా మూడో ఎల్‌ఎల్‌ఆర్ కోసం దరఖాస్తు చేశాను.

ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ళ మధ్య బండి మొదటిసారి నిజంగా కదిలింది. అక్కడ రెండు సంగతులు తెలిశాయి. మొదటిది, మరీ మెల్లగా పోతే బండి నిలవదు. మనిషి నడక కంటే తక్కువ వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోతుంది. కాస్త వేగం అందుకుంటే తనే నిలదొక్కుకుంటుంది. భయం మెల్లగా పొమ్మంటుంది, బండేమో కొంచెం ముందుకు పొమ్మంటుంది, ఈ ఇద్దరి పోరులో నా మణికట్టు నొప్పి పుట్టేది. రెండోది, చూపు ఎటు పోతే చక్రం అటే పోతుంది. మైదానం అంచున ఒక వేపచెట్టు ఉంది. అంత పెద్ద మైదానంలో నాకు ఆ ఒక్క చెట్టే కనిపించేది. దాన్ని తప్పించాలని దాన్నే చూస్తూ సూటిగా దాని మీదికే పోయేదాన్ని. మా అమ్మాయి వెనక నుంచి పరుగెత్తుతూ “చెట్టును చూడకమ్మా, దాని పక్కన ఖాళీని చూడు” అని అరిచేది. ఇందులో వేదాంతం ఏమీ లేదు. బండి నడిపేవాళ్ళందరికీ తెలిసిన మామూలు విషయమే. కాకపోతే ఆ వేపచెట్టు బెరడు మీద నా అద్దం గీసిన గీత ఇప్పటికీ ఉంది.

రోడ్డెక్కిన మూడో రోజున పడ్డాను. ఎనిమిదేళ్ళుగా రాత్రిపూట చూసిన దృశ్యమే, దాదాపు అలాగే. మలుపులో ఇసుక ఉంది, ముందు బ్రేకు గట్టిగా పట్టాను, బండి ఎడమకు ఒరిగింది, నేను దాని పక్కన కూర్చున్నట్టు పడ్డాను. ఎదురుగా టీ కొట్టు. గ్లాసులు చేత పట్టుకుని అయిదారుగురు నిలబడి ఉన్నారు. ఇద్దరు వచ్చి బండి లేపారు. ఒకాయన తాళం తిప్పి ఇంజను ఆపాడు. ఆ పని చేయాలని నాకు తోచలేదు. కొట్టతను నీళ్ళిచ్చి “దెబ్బ తగిలిందా అమ్మా?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే మాత్రం ఏమయ్యేదో నాకు ఇప్పుడు సరిగా ఊహకు అందడం లేదు. నాలుగు రోజుల తరవాత సిగ్గు చంపుకుని ఆ కొట్టు దగ్గర ఆగి, ఆ రోజు నీళ్ళిచ్చినందుకు కృతజ్ఞత చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, “మీరా అమ్మా? ఈ మలుపులో రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు, ఇసుక ఎత్తమని చెబితే ఎవరూ ఎత్తరు” అని మళ్ళీ పాలు పొంగుతున్న గిన్నె వైపు తిరిగాడు. చిన్నపాటి అవమానంగా కూడా అనిపించిందని ఒప్పుకోవాలి. నా జీవితంలో అంత పెద్ద ఘట్టం అతనికి గుర్తు లేదు.

లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పాను. బండితో ఎనిమిది అంకె వేయమన్నారు, మొదటి చుట్టు బాగానే తిరిగాను, రెండో చుట్టులో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారి వైపు ఒక్క క్షణం చూశాను, కాలు నేలకు ఆనింది. అంతే. వరుసలో నా వెనక నిలబడిన కుర్రాడు “పర్లేదు ఆంటీ, నాకూ ఇది రెండోసారి” అని ఓదార్చాడు. పదిహేనేళ్ళ కిందట వాడి వయసు పిల్లలకు నేను మార్కులు వేసేదాన్ని. తిరుగు ప్రయాణంలో ఆటోలో కూర్చుని, ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. ఆకలి వేసింది. కోటిపల్లి బస్టాండు దగ్గర దిగి పెసరట్టు తిని ఇంటికి వచ్చాను. వారం దాటాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి చూపు ముందు చక్రం మీద గాని మనుషుల మీద గాని పెట్టకుండా, చుట్టు ఎక్కడ ముగుస్తుందో అక్కడే నిలిపాను. కాలు ఆనలేదు.

భయం పోయిందా అని అడిగేవాళ్ళు ఉన్నారు. పోలేదు. లారీ పక్కనుంచి వెళుతూ హారన్ కొడితే ఇప్పటికీ భుజాలు చెవుల దాకా లేస్తాయి. మోరంపూడి కూడలి వైపు పోను, చుట్టుదారిలో వెళతాను. కొవ్వూరు వెళ్ళే రోడ్డు కమ్ రైలు వంతెన మీదికి నేను నడుపుతూ ఇంకా ఎక్కలేదు. 1974లో కట్టిన వంతెన అది. కింద రైలు పోతుంటే పైన రోడ్డు సన్నగా అదురుతుంది, ఆ అదురు వెనక సీటులో కూర్చున్నప్పుడే నాకు అరికాళ్ళలో తెలుస్తుంది. ఎదుటివాళ్ళకు ఏమైనా అవుతుందేమోనన్న భయాన్ని మాత్రం నేను వదిలించుకోదలచుకోలేదు. హెల్మెట్ పెట్టించిందీ, మలుపుకు ముందే ఇండికేటర్ వేయించిందీ, బడి వదిలే వేళ వేగం తగ్గించిందీ ఆ భయమే. సాయంత్రాలు గోదావరి గట్టు మీద ముగ్గురేసి ఎక్కి, ఫోను చూసుకుంటూ దూసుకుపోయే కుర్రాళ్ళకు భయమన్నది బొత్తిగా లేదు. వాళ్ళను చూసి నేను ఏనాడూ అసూయపడలేదు.

ఇక మూడో కాగితం. అది 2022లో ఒక డాక్టరమ్మగారు రాసిచ్చిన చీటీ. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని చెప్పగానే, నలభై దాటాయి కాబట్టి ఒకసారి మామోగ్రామ్ చేయించుకోమని రాశారు. మా పిన్ని గడ్డను చేతితో గుర్తుపట్టి కూడా దాదాపు ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. “తెలిస్తేనే కదా భయం” అనేది. ఆ చీటీ ఇంటికి తెచ్చిన నెలలో కళాశాలలో పరీక్షలు. ఆ తరవాత ఎండలు. ఆ తరవాత ఆ యంత్రం ఉన్న చోట రద్దీ ఎక్కువని ఎవరో అన్నారు. ఆ తరవాత బండి నేర్చుకోవడంలో తీరిక లేకపోయింది. అన్నీ నిజాలే. మొన్న ఆదివారం లైసెన్సు కార్డును ఆ కవరులో పెట్టబోతూ చీటీ విప్పి చూసి, ఈ కారణాలన్నీ వరసగా మనసులో అప్పజెప్పుకుంటుంటే, ఎక్కడో విన్న గొంతులా అనిపించింది. వసారాలో నిలబడి పైకే “వాన” అన్న గొంతు అది.

ఫోను చేశాను. నంబరు నొక్కడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మాట్లాడటానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అవతలి అమ్మాయి వయసు అడిగి, ఆ రోజు ఒంటికి పౌడరు, సెంటు రాసుకోకుండా రమ్మంది. ఎల్లుండి శనివారం, పదిన్నరకు. దానవాయిపేట దాకా వెళ్ళాలి, లోపలి వీధుల గుండా పోతే కూడళ్ళు తగలవు. విశాఖ నుంచి వస్తానని మా అమ్మాయి పట్టుబట్టింది. వెనక సీటులో కూర్చునేటట్టయితే రమ్మన్నాను.